ఇంగ్లీషులో రెండు పూర్తి వాక్యాలను కామాతో కలపవచ్చా?

కలపకూడదు, రెండు స్వతంత్ర వాక్యాల మధ్య కామా ఒక్కటే ఉంటే ఇంగ్లీషు వ్యాకరణం దాన్ని 'కామా స్ప్లైస్' అనే దోషంగా లెక్కిస్తుంది. కర్త, సమాపక క్రియ ఉండి తనంతట తాను నిలబడగల వాక్యం ముగిసిందని చెప్పడానికి ఫుల్‌స్టాప్ గానీ సెమీకోలన్ గానీ కావాలి, లేదా కామా తరువాత 'అండ్', 'బట్', 'సో' వంటి సముచ్చయం రావాలి. తెలుగులో 'వచ్చి', 'తింటూ', 'వెళ్తే' వంటి అసమాపక క్రియలే వాక్యాలను కలుపుతాయి కాబట్టి ఈ చిక్కు మనకు అంతగా ఎదురుకాదు.

'ద బస్ వజ్ లేట్, వి మిస్డ్ ద ఎగ్జామ్' అన్నప్పుడు కామాకు అటూ ఇటూ ఉన్నవి రెండూ పూర్తి వాక్యాలే. కామా తరువాత 'సో' చేర్చితే దోషం పోతుంది. మొదట్లో 'బికాజ్' పెట్టినా పోతుంది, ఎందుకంటే అప్పుడు మొదటి భాగం ఉపవాక్యంగా మారుతుంది, దాని తరువాత కామా చాలు.

ఊపిరి తీసుకునే చోటల్లా కామా పెట్టాలన్నది చాలామందిలో ఉన్న అపోహ. విరామ చిహ్నాలు మొదట బిగ్గరగా చదివేవారి సౌకర్యం కోసం పుట్టినవే కనుక ఆ మాట పూర్తిగా నిరాధారం కాదు గానీ, నేటి ఇంగ్లీషులో కామా స్థానాన్ని ప్రధానంగా నిర్ణయించేది వాక్య నిర్మాణమే. 'హౌఎవర్'ను సముచ్చయంగా భావించడం కూడా పొరపాటే. అది క్రియావిశేషణం, కనుక రెండు వాక్యాల నడుమ వచ్చినప్పుడు దానికి ముందు సెమీకోలనో ఫుల్‌స్టాపో ఉండాలి.