ముందు మీ అమ్మగారికి చేయించండి

మీ అమ్మగారికి 44వ ఏట రొమ్ము క్యాన్సర్ వచ్చి తగ్గిందని, పిన్నిగారికి అండాశయ క్యాన్సర్ అని, మీకు 31 ఏళ్లని రాసి, జన్యు పరీక్ష చేయించుకోవాలా అని అడిగారు. చేయించాల్సిందేనండి. కాకపోతే ముందు మీకు కాదు, అమ్మగారికి.

నేను దీన్ని తలకిందులుగా చేశాను. మా మేనత్తకి, తర్వాత 39 ఏళ్లకే మా అక్కకి రొమ్ము క్యాన్సర్ వచ్చింది. భయపడి, అక్కకి కూడా చెప్పకుండా వెళ్లి రక్తం ఇచ్చాను. నెగెటివ్ అన్నారు. ఆ కాగితం చూసుకుని రెండేళ్లు నిశ్చింతగా ఉన్నాను. తర్వాత అక్క వైద్యం కోసం డాక్టరుగారు పూర్తి పరీక్ష రాస్తే, బీఆర్‌సీఏ1 అనే జన్యువులో (ఇది దెబ్బతింటే రొమ్ము, అండాశయ క్యాన్సర్ల ముప్పు పెరుగుతుంది) ఒక ముక్క మొత్తంగా లేదని తేలింది. నాకు చేసిన పరీక్షలో కొన్ని మార్పులను మాత్రమే వెతికారట, ఇలాంటివి చూడనేలేదు. ఈసారి సరిగ్గా అక్కడే చూశారు. నాకూ ఆ ముక్క లేదు, అంటే అక్కకున్న మార్పే నాకూ ఉంది.

జబ్బు వచ్చిన మనిషిలో ఏ మార్పు ఉందో తెలిస్తే, మిగతావాళ్లలో దాన్నే వెతకొచ్చు. అప్పుడు 'లేదు' అంటే నిజంగా లేదని నమ్మొచ్చు. అమ్మగారికీ ఇది అవసరమే. ఆ మార్పు ఉంటే ఆవిడకి అండాశయ క్యాన్సర్ ముప్పు ఇంకా ఉన్నట్టే.

అమ్మ వైపు మాత్రమే చూసుకుంటే సరిపోదు. మా నాన్నకి ఏ జబ్బూ లేదు, మాకు వచ్చింది ఆయన నుంచే. మార్పు ఉన్నవాళ్ల పిల్లల్లో ఒక్కొక్కరికి, కొడుకైనా కూతురైనా, అది వచ్చే అవకాశం 50 శాతం.

పాజిటివ్ అంటే క్యాన్సర్ వచ్చేసినట్టు కాదు. బీఆర్‌సీఏ1 మార్పు ఉన్న ఆడవాళ్లలో జీవితకాలంలో నూటికి 60 మందికి పైగా రొమ్ము క్యాన్సర్, సుమారు 40 నుంచి 58 మందికి అండాశయ క్యాన్సర్ వస్తాయని అంచనా. రొమ్ముకి ఏటా ఎంఆర్ఐ, మామోగ్రామ్ ఉన్నాయి. అండాశయాల సంగతే కష్టం. స్కాన్, సీఏ125 రక్త పరీక్ష అక్కడి క్యాన్సర్‌ని తొలి దశలో పట్టిస్తాయన్న భరోసా లేదు. అందుకే బీఆర్‌సీఏ1 ఉంటే, పిల్లలు చాలనుకున్నాక 35-40 ఏళ్ల మధ్య అండాశయాలు, ఫెలోపియన్ నాళాలు తీయించుకోమంటారు. నేను 38లో తీయించుకున్నాను. ఉన్నట్టుండి మెనోపాజ్ రావడం, ఆ ఆవిర్లు, నిద్ర లేకపోవడం చాలా కష్టమే అనిపించింది. అయినా ఆ నిర్ణయానికి ఏనాడూ బాధపడలేదు.

ఒక్కోసారి మార్పు కనిపించినా, దాని అర్థం ఇంకా తెలియదని రిపోర్టులో రాస్తారు. ఆ ఒక్క మాట చూసి ఆపరేషన్‌కి వెళ్లకండి.

అమ్మగారికి ఎలా చెప్పాలా అని టెన్షన్ పడుతున్నారు కదా. మా అక్క బాధపడింది నేను అడిగినందుకు కాదు, దాచినందుకు. ఇద్దరూ కలిసే జెనెటిక్ కౌన్సిలర్ (జన్యు పరీక్షల గురించి వివరించి సలహా ఇచ్చేవారు) దగ్గరికి వెళ్లండి. అమ్మగారి, పిన్నిగారి బయాప్సీ రిపోర్టులు తీసుకెళ్లండి. నాన్నగారి వైపు కూడా ఎవరికి ఏ వయసులో ఏ క్యాన్సర్ వచ్చిందో ముందే అడిగి రాసిపెట్టుకోండి.