సియమ్ రీప్ పెళ్ళికి వెళ్తున్న బుజ్జికి

గుంటూరు, బ్రాడీపేట

బుజ్జీ,

మీ అమ్మ నిన్న ఫోన్ చేసి ఒకటే గోల. "అక్కా, నీ ముద్దుల కూతురు కంబోడియాలో ఎవరో టుక్‌టుక్ అబ్బాయి పెళ్ళికి వెళ్తుందట, వాడికి అక్కట, నువ్వైనా చెప్పు" అని. ఫోన్ పెట్టేశాక నవ్వొచ్చింది. కాసేపటికి గర్వంగానూ అనిపించింది. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. అందుకే కాగితం మీద రాస్తున్నాను. వాయిస్ మెసేజ్ పెడితే నువ్వు డబుల్ స్పీడులో వింటావు.

మీ అమ్మ భయం వేరు. 2024లో విశాఖ పోలీసులు బయటపెట్టిన కేసు ఉంది కదా, డేటా ఎంట్రీ ఉద్యోగాలని మన పిల్లల్ని కంబోడియా పంపి సైబర్ మోసాలు చేయించారే, అప్పట్నుంచి ఆ దేశం పేరు వింటేనే ఆవిడకి టెన్షన్. నాకు ఆ భయం లేదు. పోయినసారి మిమ్మల్ని టుక్‌టుక్‌లో తిప్పిన ఆ అబ్బాయి మంచివాడే అయ్యుంటాడు. అల్లుడికి జ్వరం వచ్చినప్పుడు తెల్లవార్లూ క్లినిక్ బెంచీ మీద కూర్చున్నాడంటే ఇంకేం కావాలి? నా భయమల్లా మీ గురించే.

ప్రయాణం సంగతి నీకు చెప్పాలా? వీసా చూసుకో. డాలర్లు కొత్తవి తీసుకెళ్ళు, కాస్త చిరిగినా అక్కడ ఎవరూ తీసుకోరు. 2023లో తెరిచిన కొత్త ఎయిర్‌పోర్టు ఊరికి చాలా దూరం, ఆ అబ్బాయిని పెళ్ళి పనుల్లో అంతదూరం రప్పించకు, ట్యాక్సీలో వెళ్ళండి. అంగ్‌కోర్ వాట్ గుడి మళ్ళీ చూస్తే తూర్పు గోడ మీద క్షీరసాగర మథనం దగ్గర ఆగండి. పోయినసారి పరుగు పరుగున చూసి ఫోటోలు తీసుకొచ్చావు, మీ పెదనాన్న ఇప్పటికీ దెప్పుతున్నారు.

ఇక అసలు సంగతి. మేమూ ఒకప్పుడు అంగ్‌కోర్ గుళ్ళు చూడటానికి వెళ్ళాం కదా. మా బ్యాచ్‌లో అందరం రిటైరైనవాళ్ళమే. మమ్మల్ని తిప్పింది కూడా మీవాడి లాంటి కుర్రాడే, ఇరవై దాటి ఉండవు. ఎండలో మాకు గొడుగులు పట్టేవాడు, బాంతే శ్రేయ్ గుడి దారిలో తాటి బెల్లం కాచే చోట బండి ఆపి వేడివేడిది రుచి చూపించేవాడు. మా గోంగూర పచ్చడి తిని కళ్ళ నీళ్ళు పెట్టుకుని, మళ్ళీ చెయ్యి చాపేవాడు. మాతో ఒక ఇంజనీరు గారు ఉండేవారు. పేరెందుకులే. ఆయన కొడుకు డాలస్‌లో, వచ్చి ఏళ్ళయింది. చివరి రాత్రి అందరం భోజనాలు చేస్తుంటే ఆయన ఆ కుర్రాడి భుజం మీద చెయ్యేసి, "ఇవాళ్టి నుంచి నువ్వే నా కొడుకువి. నిన్ను గుంటూరు తీసుకెళ్తా, హోటల్ మేనేజ్‌మెంట్ చదివిస్తా" అన్నారు. అందరం చప్పట్లు కొట్టాం. ఇద్దరు ముగ్గురు ఏడ్చారు కూడా.

ఆయన అబద్ధం ఆడలేదే బుజ్జీ. ఆ పూటకి మనస్ఫూర్తిగానే అన్నారు. ఇంటికొచ్చాక నెల రోజులు రోజూ వీడియో కాల్. తర్వాత డాలస్ కోడలికి పురుడొచ్చింది, ఆయన వెళ్ళారు, మనవడి ధ్యాసలో పడ్డారు, ఫోన్ ఎత్తడం మానేశారు. కుర్రాడు అప్పుడప్పుడు నాకు మెసేజ్ పెట్టేవాడు. "అంకుల్ ఆరోగ్యం బాగుందా?" అంతే. డబ్బు మాట గానీ చదువు మాట గానీ ఒక్కసారీ ఎత్తలేదు. బాగానే ఉన్నారని నేనూ జవాబు పెట్టేదాన్ని.

చాలా రోజుల తర్వాత వాళ్ళక్క చెబితే తెలిసింది. ఇండియా వెళ్తున్నాడని ఊరంతా చెప్పుకున్నారట. ఇంగ్లీషు క్లాసులకి టైము కావాలని టుక్‌టుక్ అమ్మేశాడు. పాస్‌పోర్టుకి, ఫీజులకి వాళ్ళమ్మ ఇంటి స్థలం కాగితం పెట్టి మైక్రోఫైనాన్స్‌లో అప్పు తెచ్చింది. ఆ మాట వినగానే నాకు కాళ్ళు చల్లబడ్డాయి. 2010లో ఈ మైక్రోఫైనాన్స్ అప్పులతో మన జిల్లాల్లో ఏం జరిగిందో నువ్వు చిన్నదానివి, నీకు గుర్తుండదు. మా స్కూలు ఆయా వారం వారం కిస్తీ కట్టలేక, గ్రూపులో ఆడవాళ్ళు గుమ్మంలో కూర్చుంటారని బడిలోనే చీకటి పడేదాకా ఉండిపోయేది. ఆ ఏడు అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చాక గానీ ఆ వసూళ్ళు ఆగలేదు. ఇక్కడ గ్రూపు పూచీ మీద అప్పులిచ్చారు. అక్కడైతే భూమి కాగితమే తీసుకుంటారు. కిస్తీ తప్పితే ఇల్లే పోతుంది.

ఇంజనీరు గారు తిరిగొచ్చాక మీ పెదనాన్న వాళ్ళింటికి వెళ్ళి గట్టిగా అడిగారు. "నేనేదో మాటవరసకి అన్నాను, వాడు సీరియస్‌గా తీసుకుంటాడని నాకేం తెలుసు" అన్నారట. కాఫీ కూడా తాగకుండా లేచొచ్చేశారు ఈయన. చివరికి ఆయన కొంత ఇచ్చారు, మిగిలింది మేమంతా తలా ఇంత వేసుకున్నాం. కాగితం విడిపించుకున్నారు. అమ్మేసిన బండి మాత్రం తిరిగి రాలేదు, చాన్నాళ్ళు అద్దె బండి నడిపాడు. ఇప్పటికీ ఏప్రిల్‌లో వాళ్ళ సంవత్సరాదికి ఫోన్ చేసి ఇంజనీరు గారి క్షేమం అడుగుతాడు. ఆ ప్రశ్న వింటే నాకు ఆయన మీద ఒళ్ళు మండుతుంది.

ఇదంతా ఎందుకు రాశానంటే, నువ్వు మీవాడితో "మీ ఇల్లు సంగతి మేం చూసుకుంటాంలే" అన్నావని మీ అమ్మ చెప్పింది. ఎలా చూసుకుంటావే? తాడేపల్లి ఫ్లాటుకి ఇంకా ఎన్నేళ్ళు ఈఎంఐ ఉంది? ఈ ముక్క అల్లుడికి తెలుసా? అక్కడ కట్నం ఎదురు, మగపెళ్ళివారే ఆడపిల్ల ఇంటికి ఇచ్చుకోవాలి. ఇప్పటికే వాళ్ళు ఎక్కడో అప్పు కోసం చూస్తూ ఉంటారు. నీ నోట వచ్చిన ఆ మాటని చూసుకుని ఇంకా అప్పు తెస్తే? మీరిద్దరూ కూర్చుని ఎంత ఇవ్వగలరో తేల్చుకోండి, ఇచ్చాక మళ్ళీ గుర్తురానంత. అక్కడ పెళ్ళికొచ్చినవాళ్ళు కవర్లో పెట్టి డబ్బులు చదివిస్తారు. అలాగే కవర్లో పెట్టండి. ముందుగా ఫోన్లో అంకె చెప్పకు. ఇల్లు సంగతి ఈ వారంలోనే ఫోన్ చేసి సరిదిద్దుకో, "అప్పుడు ఉత్సాహంలో అన్నాను, అది మా వల్ల కాదు" అని తెలుగులో చెప్పినంత సూటిగా చెప్పు. చిన్నబుచ్చుకుంటాడు. చిన్నబుచ్చుకోనీ.

అన్నిటికంటే ముఖ్యం, వాళ్ళమ్మ. మాకు బండి తోలిన కుర్రాడు ఒక సాయంత్రం వాళ్ళింటికి తీసుకెళ్ళాడు. స్తంభాల మీద కట్టిన చెక్క ఇల్లు, కింద నీడలో పెద్ద బల్ల, దాని మీద వాళ్ళమ్మ పచ్చి మామిడికాయ తరుగుతోంది. వాడు ఉత్సాహంగా నన్ను చూపించి వాళ్ళ భాషలో ఏదో అన్నాడు. ఆవిడ చేతిలో కత్తి ఆగింది. ఏమన్నావని అడిగితే, "మా ఇండియా అమ్మ అన్నాను" అన్నాడు. ఆవిడ నన్ను పైనుంచి కిందికి చూసి, నవ్వి, మళ్ళీ తరగడం మొదలుపెట్టింది. ఆ నవ్వు నేనెరుగుదును. మీ అన్నయ్య ఎంటెక్ రోజుల్లో వాళ్ళ ఇంటి ఓనరావిడ చేతి వంట గురించి చెప్పినప్పుడు నేనూ అలాగే నవ్వాను. వెంటనే వాడితో, "నాకు తర్జుమా చెయ్యి. నీకు అమ్మ ఉంది, నేను పెద్దమ్మని మాత్రమే" అన్నాను. అప్పుడు ఆవిడ పక్కకి జరిగి నాకు చోటిచ్చింది. వెళ్ళేటప్పుడు తాటాకులో చుట్టిన బెల్లం బిళ్ళలు నా సంచిలో కుక్కింది.

కాబట్టి నువ్వు వెళ్ళగానే ముందు ఆవిడ దగ్గర కూర్చో. భాష రాకపోయినా సరే, ఉల్లిపాయలు ఒలువు. వాడికి సొంత అక్క ఉందన్నావు కదా, పెళ్ళిలో ఆవిడ తర్వాతే నువ్వు. పళ్ళ పళ్ళేలు పట్టుకుని ఊరేగింపుగా నడుస్తారు, నీకూ ఒకటి ఇస్తే పట్టుకుని వెనక వరసలో నడువు. జంట మణికట్లకి ఎర్ర దారాలు కట్టేటప్పుడు పిలిస్తే వెళ్ళు. తల నిమరొద్దు, అక్కడ తలని పవిత్రంగా చూస్తారు. అక్షింతలు వెయ్యాలని నీకు ఉంటుంది, అడిగి వెయ్యి. వాళ్ళ తాతల గురించి నీ అంతట నువ్వు అడక్కు. 1975, 79 మధ్య ఖ్మేర్ రూజ్ అనే కమ్యూనిస్టుల పాలన కాలంలో మనుషుల్ని పోగొట్టుకోని ఇల్లు అక్కడ అరుదు. వాళ్ళు చెబితే విను.

పెళ్ళయ్యాక ఫోన్లు తగ్గుతాయి. భాద్రపదంలో అయితే మన మహాలయ పక్షాల్లాగే పదిహేను రోజులు పెద్దలకి అన్నం ముద్దలు పెడతారు, ఊళ్ళకి వెళ్ళిపోతారు, అప్పుడు అసలు ఎత్తడు. అలగొద్దు. నువ్వు అలిగితే ఎలా ఉంటుందో నాకు తెలుసు, ఆరేళ్ళప్పుడు మా ఇంట్లో బీరువా వెనక దాక్కుని అన్నం మానేసినదానివి.

ఇంత తిట్టానని బాధపడకు. పరాయి దేశంలో ఒక పిల్లాడు తన పెళ్ళికి నువ్వు రావాలని కోరుకున్నాడు చూడు, ఆ మాట మా వీధిలో నలుగురికి చెప్పాను అప్పుడే.

వాళ్ళమ్మకి బట్ట నేను పెడతాను. పట్టు వద్దు, మంగళగిరి నేత గుడ్డ, జరీ అంచుది, లుంగీలా చుట్టుకోవడానికి సరిపడా. తెలుపు మాత్రం కాదు, అక్కడ అది చావు ఇంటికి. ఆవిడకి ఏ రంగు ఇష్టమో ఆ అబ్బాయినే కనుక్కుని ఆదివారంలోగా చెప్పు. సోమవారం నేను మంగళగిరి వెళ్తున్నాను, అట్నుంచే మీ ఇంటికొస్తాను.

మీ పెద్దమ్మ