నోరు విప్పని పిల్లలు

ప్రశ్న: మాది పర్లాకిమిడి. ఈ మధ్యే కోరాపుట్‌లోని ఒడిశా కేంద్రీయ విశ్వవిద్యాలయంలో గెస్ట్ ఫ్యాకల్టీగా చేరాను. నా క్లాసులో ఒడియా, తెలుగు పిల్లలతో పాటు సవర, కువి అనే గిరిజన భాషలు మాట్లాడేవాళ్లూ ఉన్నారు. కొండ ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు నోరే విప్పరు. ఒకబ్బాయికి చూపు బాగా తక్కువ. పరీక్షలు ఎలా రాస్తాడోనని నాకే టెన్షన్‌గా ఉంది. వీళ్లకు నేనేం చేయగలను?
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, పాఠం అర్థం కాకే వాళ్లు మాట్లాడటం లేదని అనుకోకండి. ఇంట్లో ఒక భాష, సంతలో అందరూ వాడే దేశియా అనే భాష, బడిలో ఒడియా, ఇప్పుడు మీ దగ్గర ఇంగ్లిష్. నాలుగో భాషలో తప్పు దొర్లితే పక్కవాళ్లు నవ్వుతారని భయం. ఏదైనా అడిగితే, ముందు పక్కవాడితో తమ భాషలో మాట్లాడుకోనివ్వండి. ఆ తర్వాత జవాబు చెప్పమనండి. వాళ్ల పేర్లు ఇంట్లో ఎలా పలుకుతారో అడిగి అలాగే పిలవండి.

మీ పర్లాకిమిడిలోనే గిడుగు రామమూర్తి గారు రాజావారి బడిలో పనిచేస్తూ సవర నేర్చుకున్నారు. సొంత డబ్బుతో సవరలకు బళ్లు పెట్టారు. ఏటా ఆగస్టు 29న ఆయన్ని వాడుక తెలుగు కోసం తలుచుకుంటాం. అంతకుముందే పాఠం చెప్పేవాడే పిల్లల భాష నేర్చుకున్నాడన్న సంగతి నాకు ఇంకా గొప్పగా తోస్తుంది.

క్లాసు బయట జరిగేది కూడా చూడండి. నేను బరంపురంలో ఒక కాలేజీ ఆఫీసులో చాలా ఏళ్లు పనిచేశాను. గజపతి జిల్లా కొండల నుంచి వచ్చిన ఒకబ్బాయికి స్కాలర్‌షిప్ డబ్బు పడలేదు. బ్యాంకు ఖాతాకు ఆధార్ లింకు కాలేదు, అంతే. మేం ఇంగ్లిష్‌లో నోటీసు అంటించి ఊరుకున్నాం. హాస్టల్ ఫీజు గడువు దాటింది. వారం తర్వాత వాడు చదువు మానేసి పని కోసం సూరత్ బండెక్కాడని తెలిసింది. పిలిచి ఒక్క మాట చెప్పి ఉంటే చదువు ఆగేది కాదు. ఆ నోటీసు టైపు చేసింది నేనే. ఇప్పటికీ బాధగానే ఉంటుంది. అందుకే చెబుతున్నాను, రెండు రోజులు రాని పిల్లల్ని మూడో రోజు ఫోన్ చేసి కనుక్కోండి.

ఇక చూపు తక్కువున్న మీ క్లాసు అబ్బాయి విషయం. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం, వైకల్యం ఉన్నట్టు సర్టిఫికెట్ ఉంటే పరీక్షకు స్క్రైబ్‌ను, అంటే తాను చెప్పింది రాసిపెట్టే మనిషిని అడగవచ్చు. నిబంధనల ప్రకారం గంటకు కనీసం 20 నిమిషాలు అదనంగా ఇవ్వాలి, అంటే మూడు గంటల పరీక్షకు ఇంకో గంట. సర్టిఫికెట్ ఉందో లేదో రేపే అడగండి, లేకపోతే జిల్లా ఆసుపత్రికి పంపండి. దరఖాస్తు హాల్‌టికెట్లు వచ్చేదాకా ఆపవద్దు. మొదటిసారి పరీక్షల విభాగానికి వాడితో పాటు మీరూ వెళ్లండి. ఏమైందో నాకు రాయండి.