తేలినీలాపురం పక్షుల్ని చూడటానికి రావచ్చా?

డిసెంబర్ చివర్లో ఫ్యామిలీతో హైదరాబాద్ నుంచి వద్దామనుకుంటున్నామని, జనం ఎక్కువైతే శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురానికి పక్షులు రావడం మానేస్తాయని విన్నామని, అసలు రావడమే తప్పా అని అడిగారు. తప్పు కాదు, రండి. కాకపోతే మీరు వచ్చేది పార్కుకి కాదు, ఊళ్లోకి. మాది టెక్కలి, మా మేనత్త వాళ్లది ఆ పక్షుల ఊరి పక్కనే, చిన్నప్పటి నుంచి చూస్తున్నాను కాబట్టి చెప్తున్నా.

వీటిని అందరూ సైబీరియా పక్షులంటారు. నిజానికి ఇక్కడికి ఎక్కువగా వచ్చేవి స్పాట్-బిల్డ్ అనే రకం పెలికాన్లు, అంటే గూడబాతులు, వాటితోపాటు పెయింటెడ్ స్టార్క్ అనే కొంగలు. ఈ రకం పెలికాన్ గూడు కట్టేది దక్షిణాసియా, ఆగ్నేయాసియా దేశాల్లోనే, సైబీరియాతో దానికి సంబంధమే లేదు. ఇదెందుకు చెప్తున్నానంటే, చలి తప్పించుకోడానికి వచ్చిన పక్షిని బెదరగొడితే ఇంకో చెరువుకి పోతుంది, కానీ ఇవి వచ్చేది గుడ్లు పెట్టి పిల్లల్ని పెంచుకోడానికి. మీరొచ్చే సమయానికి గూళ్లలో పిల్లలుంటాయి. తల్లి లేచిపోయిందంటే ఆ గుడ్డో పిల్లో కాకుల పాలే. అందుకే డ్రోన్ మాత్రం తేవద్దు, ఎవరైనా ఎగరేస్తుంటే గట్టిగా చెప్పి ఆపండి.

ఇక ఊరివాళ్ల సంగతి. పక్షులుండేది ఇళ్ల మధ్య ఉన్న చింతచెట్ల మీద. కింద నిలబడితే తెలుస్తుంది, ఆకులన్నీ రెట్టతో తెల్లబడిపోయి ఉంటాయి, పిల్లల నోటి నుంచి జారిన సగం అరిగిన చేప వచ్చి పెరట్లో పడుతుంది, ఎండెక్కాక ఆ నీచు వాసన ఇంట్లోకి కూడా వస్తుంది. పెరట్లో బట్టలు ఆరేయలేరు, ఆ కొమ్మల మీద చింతపండు సరిగ్గా చేతికి రాదు. అయినా కొమ్మ కొట్టరు. "ఆడపిల్లలు పురిటికి పుట్టింటికొచ్చినట్టు వస్తాయిరా, ఎలా తరిమేస్తాం?" అంటుంది మా అత్త. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఈ వైపు ఎన్ని చెట్లు కూలాయో లెక్కలేదు, అంత పెద్ద చింతచెట్టు మళ్లీ కావాలంటే ఒక తరం పడుతుంది. ఉన్న చెట్టుని కొట్టకుండా ఉంచుతున్నవాళ్లే అసలు ఈ పక్షుల్ని కాపాడుతున్నారు, కష్టమంతా వాళ్లది, టూరిస్టుల డబ్బేమో ఎక్కడెక్కడి హోటళ్లకో పోతోంది. నాకు బాధనిపించేది ఇదే.

వైజాగ్‌లో బిర్యానీ పార్సిల్ కట్టించుకుని వ్యాన్‌లో వచ్చి, చెరువు గట్టు మీద తిని, ప్లేట్లు అక్కడే పడేసి వెళ్లే బ్యాచ్‌లు ఆదివారం వస్తే కనిపిస్తాయి. ఆ ఎముకల కోసం కుక్కలు చేరతాయి, చేరిన కుక్కలు చెట్టు కిందే తిరుగుతాయి, గూట్లోంచి జారిపడిన పిల్లని ఇంక బతకనివ్వవు. కాబట్టి తిండి ఊళ్లోనో టెక్కలిలోనో తినండి, కారు ఊరి బయట ఆపి నడవండి, ఏదైనా కొనాలంటే ఊళ్లో దుకాణంలోనే కొనండి, వీలైతే అక్కడి కుర్రాడినెవరినైనా తోడు తీసుకుని చూపించినందుకు డబ్బులివ్వండి. వాచ్ టవర్ ఉంది, బైనాక్యులర్ ఉంటే చాలు, పొద్దున్నే వస్తే నౌపడ ఉప్పు మడుల వైపు నుంచి పక్షులు వచ్చిపోవడం బాగా కనిపిస్తుంది. పిల్లలకి ముందే చెప్పండి, చప్పట్లు కొట్టి పక్షుల్ని లేపొద్దని.

బీచ్ కూడా అడిగారు కదా, భావనపాడు బీచ్ దగ్గరే, బారువ బీచ్ కాస్త దూరం. పగలు వెళ్లి సాయంత్రానికి వచ్చేయండి. జనవరి నుంచి ఆలివ్ రిడ్లీ తాబేళ్లు ఈ తీరమంతా రాత్రిళ్లు గుడ్లు పెట్టడానికి ఒడ్డెక్కుతాయి, ఒక్కో తల్లి వంద దాకా పెడుతుంది. గుడ్డులోంచి వచ్చిన పిల్లలు వెలుతురు ఎటుంటే అటు పాకుతాయి, సముద్రం వైపు పోవాల్సినవి లైట్ల వైపు పోయి చస్తాయి. క్యాంప్ ఫైర్, ఫ్లాష్ లైట్లు, ఇసుకలో బండి తిప్పడం, ఈ మూడూ వద్దు.

ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచి ఈ ట్రిప్‌లో పెట్టుకోకండి. అక్కడికి వచ్చేవి నత్తలు తినే ఓపెన్‌బిల్ కొంగలు, వానాకాలంలో గూళ్లు కడతాయి, డిసెంబర్‌కి చాలావరకు వెళ్లిపోతాయి. అది చూడాలంటే ఆగస్టు, సెప్టెంబర్‌లో రండి.