ఆదోని పాత మిల్లు స్థలంలో డీజిల్: నాయన కాలం నాటి పాలసీలు పనికొస్తాయా?

అన్నా, మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇది. ఆదోనిలో మీ నాయన నడిపి మూసేసిన నూనె మిల్లు స్థలాన్ని అమ్మకానికి పెట్టారు. కొనేవాళ్లు గుంత తీయించి చూస్తే మట్టిలో డీజిల్ వాసన. పక్కవాళ్ల బోరు నీళ్ల మీద నూనె తెట్టు. ఇప్పుడు పొల్యూషన్ బోర్డు నోటీసు వచ్చింది. అమెరికాలో పాత లయబిలిటీ పాలసీలు (మన వల్ల ఇతరులకు జరిగిన నష్టానికి డబ్బిచ్చే ఇన్సూరెన్స్) వెతికి తీసి ఆ డబ్బుతో నేల బాగు చేయిస్తారని చదివారు, అది ఇక్కడ కుదురుతుందా అని.

కొంతవరకు కుదురుతుంది, మొత్తం ఖర్చు మాత్రం రాదు. అనంతపురంలో మా మామగారి లారీ షెడ్డుకు ఇలాంటిదే వస్తే కాగితాల పనంతా నేనే చూశాను. ఆ అనుభవంతోనే రాస్తున్నాను.

అమెరికా సంగతి వేరు. అక్కడ 1986కు ముందు అమ్మిన జనరల్ లయబిలిటీ పాలసీలు చాలావరకు ‘అకరెన్స్’ పద్ధతివి. నష్టం పాలసీ నడిచిన కాలంలో జరిగి ఉంటే చాలు, క్లెయిమ్ ముప్పై ఏళ్ల తర్వాత వేసినా ఆ పాత పాలసీ కిందికే వస్తుంది. 1980లో సూపర్‌ఫండ్ చట్టం వచ్చి పాత యజమానుల మీద కూడా శుభ్రం చేసే ఖర్చు పడేసరికి అందరూ పాత పెట్టెలు తెరిచారు. 1986లో స్టాండర్డ్ పాలసీ నుంచి కాలుష్యాన్ని దాదాపు పూర్తిగా తీసేశారు. అందుకే అక్కడ పాత కాగితానికి అంత విలువ.

మన దగ్గర పరిశ్రమలకు ఇచ్చే పబ్లిక్ లయబిలిటీ పాలసీలు ఎక్కువగా ‘క్లెయిమ్స్ మేడ్’ పద్ధతివి. అంటే పాలసీ నడుస్తున్నప్పుడే క్లెయిమ్ కూడా రావాలి. మిల్లు మూసి పాలసీ ఆపేశాక క్లెయిమ్ వస్తే చాలా కష్టం. పైగా ఏళ్ల తరబడి మెల్లగా ఊరిన కాలుష్యానికి కవర్ ఉండదు. హఠాత్తుగా జరిగిన ప్రమాదానికైతే ఉండొచ్చు, అదీ పాలసీలో విడిగా రాయించుకుని ఉంటేనే. కాబట్టి పాలసీ దొరగ్గానే మొదటి పేజీలో రాసిన బీమా సొమ్ము చూసి సంబరపడకండి, వెనకాల అంటించిన ఎండార్స్‌మెంట్ కాగితాలు (పాలసీకి విడిగా చేర్చిన షరతులు) చదవండి. అసలు సంగతి అక్కడే ఉంటుంది.

మా మామగారి షెడ్డులో సొంత లారీల కోసం భూమిలో డీజిల్ ట్యాంకు ఉండేది. పక్కింటి బోరు పాడైంది. పాలసీ అప్పటికి నడుస్తూనే ఉంది. ఇన్సూరెన్స్ వాళ్లు మాత్రం ‘ఇది మెల్లగా జరిగిన లీకేజీ’ అని క్లెయిమ్ తిప్పి పంపారు. మమ్మల్ని కాపాడింది డీజిల్ స్టాక్ రిజిస్టరు. అక్కడి గుమాస్తా రోజూ పొద్దున డిప్ రాడ్ (ట్యాంకులో ఎంత డీజిల్ ఉందో కొలిచే కడ్డీ) రీడింగు ఒక గడిలో, ఏ లారీకి ఎన్ని లీటర్లు పోశారో ఇంకో గడిలో రాసేవాడు. ఏళ్ల తరబడి ఆ రెండు లెక్కలూ సరిపోతూ వచ్చాయి. షెడ్డు ముందు రోడ్డు పనికి పొక్లెయిన్ తవ్విన మర్నాటి నుంచి తేడా మొదలైంది. పైపు జాయింటు విరిగింది అప్పుడే, అంటే లీకు మెల్లగా కాదు, హఠాత్తుగా జరిగిందని తేలింది. నష్టం చూడ్డానికి ఇన్సూరెన్స్ తరఫున వచ్చిన సర్వేయర్ ఆ పేజీలు ఫోటో తీసుకున్నాక మాటతీరే మారింది. చివరికి పక్కింటివాళ్ల బోరుకు, వాళ్లు తెప్పించుకున్న ట్యాంకర్లకు డబ్బు వచ్చింది. మా స్థలంలో మట్టి తవ్వి తీసిన ఖర్చుకు ఒక్క రూపాయి రాలేదు, ఎందుకంటే లయబిలిటీ పాలసీ ఇతరులకు జరిగిన నష్టానికే, సొంత నేలకు కాదు. మీరు వేసుకునే లెక్కలో ఈ ముక్క తప్పకుండా పెట్టుకోండి.

ఇక పాలసీ కాగితాలు ఎక్కడ దొరుకుతాయంటారా? మిల్లు మీద బ్యాంకు లోన్ ఉండి ఉంటే ముందు బ్యాంకు దగ్గరికి వెళ్లండి. తనఖా ఫైల్లో పాలసీ కాపీ పెట్టుకోవడం వాళ్ల అలవాటు. తర్వాత మీ ఆడిటర్ దగ్గరున్న పాత లెడ్జర్లు. ప్రీమియం కట్టిన ఎంట్రీ పక్కన పాలసీ నంబరు కనిపించినా చాలు, దాన్ని పట్టుకుని కంపెనీకి రాయొచ్చు. 1973కు ముందు ప్రైవేటు కంపెనీ పేరుతో ఉన్న కాగితం దొరికితే పారేయకండి. 1973 జనవరి 1 నుంచి 107 కంపెనీలను నేషనల్, న్యూ ఇండియా, ఓరియంటల్, యునైటెడ్ ఇండియా అనే నాలుగింటి కింద చేర్చారు. ఆ పాత కంపెనీ వీటిలో దేంట్లో కలిసిందో కనుక్కుని అక్కడ అడగండి. అయితే మిల్లుల దగ్గర దొరికేవి ఎక్కువగా ఫైర్ పాలసీలే, అవి దీనికి పనికిరావు.

మీ మిల్లులో హెక్సేన్ అనే మండే ద్రావకంతో నూనె తీసే సాల్వెంట్ ప్లాంటు కూడా ఉండి ఉంటే 1991 పబ్లిక్ లయబిలిటీ ఇన్సూరెన్స్ చట్టం కింద తీసుకున్న పాలసీ ఉందేమో వెతకండి. అది ప్రమాదంలో నష్టపోయిన జనానికి సాయం అందించడానికి పెట్టింది. నేల శుభ్రానికి దాని మీద ఆశ పెట్టుకోవద్దు.

అన్నిటికన్నా ముందు ఆ పక్కవాళ్లకు మంచినీళ్లు ఏర్పాటు చేయండి. వాళ్లు ఆ నీళ్లే తాగుతున్నారు, వంటకూ అవే. పాలసీ దొరికేదాకా ఆగే విషయం కాదిది. ట్యాంకర్ బిల్లులు, నీళ్ల టెస్ట్ రిపోర్టులు తారీఖుల వారీగా దాచండి. బోర్డుకు గడువులోగా జవాబివ్వండి. పాలసీ దొరికితే నోటీసు కాపీ జతచేసి వెంటనే కంపెనీకి రాసి రశీదు తీసుకోండి, ఇంకా తవ్వకముందే సర్వేయర్ని పంపమనండి. తవ్విన మట్టిని బోర్డు అనుమతి ఉన్న చోటికే పంపాలి, చెరువు గట్టున పోస్తే ఇంకో కేసవుతుంది. కంపెనీ కాదంటే ఆ ఉత్తరం తేదీ రాసిపెట్టుకోండి, కోర్టుకు వెళ్లడానికి అప్పటినుంచి మూడేళ్లే గడువు. పక్కవాళ్లు నష్టపరిహారానికి చెన్నైలోని గ్రీన్ ట్రిబ్యునల్‌కు (పర్యావరణ కేసులు చూసే ట్రిబ్యునల్) వెళ్లాలనుకుంటే వాళ్లకు ఐదేళ్లుంటుంది. కాబట్టి ఇప్పుడే వాళ్లతో కూర్చుని మాట్లాడుకోవడం మంచిది.

ఒకటి మీరు రాయలేదు. మధ్యలో మిల్లును ఎవరికైనా లీజుకిచ్చారా? ఇచ్చి ఉంటే ఏ ఏళ్లలోనో చెప్పండి. లీజు అగ్రిమెంటులో ఇన్సూరెన్స్ ఎవరు తీసుకోవాలని ఉందో చూడండి. డీజిల్ ట్యాంకు వాళ్ల హయాంలో పెట్టిందైతే వాళ్ల పాలసీని కూడా అడగాల్సి వస్తుంది.