బోరింగులో, మందు కొట్టే మిషన్‌లో ఉండేది ఒకే రకం పంపు

రెసిప్రొకేటింగ్ పంపు ఎలా పనిచేస్తుంది, ఇన్ని సబ్‌మర్సిబుల్ మోటార్లు వచ్చాక కూడా దాన్ని ఎక్కడ వాడుతున్నారు అని అడిగారు. మా నాయన బోరింగులు బాగుచేసే మెకానిక్. నాది హాలియా దగ్గర పవర్ స్ప్రేయర్లు రిపేరు చేసే పని. రెండింట్లోనూ ఉండేది ఈ పంపే కాబట్టి తెలిసింది రాస్తున్నాను.

ఒక సిలిండరు, అందులో ముందుకూ వెనక్కూ ఆడే పిస్టన్, నీళ్లు లోపలికి రావడానికి ఒక వాల్వు, బయటికి పోవడానికి ఇంకో వాల్వు. పంపంటే ఇంతే. పిస్టన్ వెనక్కి పోతే లోపల ఒత్తిడి తగ్గి మొదటి వాల్వు తెరుచుకుంటుంది, నీళ్లు వస్తాయి. ముందుకొస్తే అది మూసుకుని రెండోది తెరుచుకుంటుంది, వచ్చిన నీళ్లు బయటికి పోతాయి. వాల్వుల్ని ఎవరూ తిప్పరు, నీటి ఒత్తిడికే లేస్తాయి, పడతాయి. వాల్వులు సరిగ్గా కూర్చోవడం, పిస్టన్ చుట్టూ వాషర్ పట్టు వదలకపోవడం, ఈ రెండూ ఉంటే పంపు బతికున్నట్టే. నా దగ్గరికొచ్చే రిపేర్లలో చాలావరకు ఈ రెండింటివే.

బోరింగునే చూడండి. ఊళ్లల్లో కనిపించే ఇండియా మార్క్-2 పంపులో పైన కనిపించేది హ్యాండిలూ గొలుసే, అసలు పంపు బోరులో నీళ్లలో మునిగి ఉంటుంది. అంత కిందికి ఎందుకు దించాలంటే, పైన కూర్చున్న ఏ పంపైనా గాలి ఒత్తిడి సాయంతోనే నీళ్లను లాగాలి. లెక్క ప్రకారం దాని హద్దు 10.3 మీటర్లు. నిజంగా పనిచేసేది ఆరేడు మీటర్ల వరకే. మా నల్లగొండ, దేవరకొండ వైపు బోర్లలో నీళ్లు అంత పైన ఎక్కడుంటాయి? అందుకే సిలిండరునే నీళ్ల దగ్గరికి పంపి, 12 మిల్లీమీటర్ల రాడ్లతో పిస్టన్‌ను పైనుంచి ఆడిస్తారు. హ్యాండిలు కిందికి నొక్కితే పిస్టన్ పైకి లేస్తుంది, దాని మీదున్న నీళ్లు పైకొస్తాయి, అదే సమయంలో అడుగు వాల్వు తెరుచుకుని కింద కొత్త నీళ్లు నిండుతాయి. హ్యాండిలు లేపితే పిస్టన్ దిగుతుంది, దానిలోని వాల్వు తెరుచుకుని ఆ నీళ్లు పిస్టన్ పైకి చేరతాయి.

ఇందులో సిలిండరు లోపలి వ్యాసం 63.5 మిల్లీమీటర్లు, పిస్టన్ ఆట 125 మిల్లీమీటర్లు. లెక్క కడితే దెబ్బకు సుమారు 0.4 లీటరు. నిమిషానికి 40 దెబ్బలు కొడితే 16 లీటర్లకు దగ్గర రావాలి. వాల్వు మూసుకునేలోపు కొంత, వాషర్ పక్కనుంచి కొంత జారిపోతుంది కాబట్టి 12 లీటర్లు వచ్చిందంటే పంపు బాగున్నట్టే లెక్క.

నాయన పైపులు పీకక ముందే జబ్బు చెప్పేవాడు. పొద్దున్నే పది దెబ్బలు కొట్టాక గానీ నీళ్లు రాకుండా, తర్వాత బాగా వస్తున్నాయంటే అడుగు వాల్వో, పైపు జాయింటో కారుతోంది, రాత్రంతా నీళ్లు కిందికి జారిపోయాయన్నమాట. మొదటి నుంచీ సన్నగానే వస్తున్నాయంటే పిస్టన్ వాషర్లు అరిగాయి. ఇసుక పోసే బోరైతే సిలిండరు లోపలుండే ఇత్తడి గొట్టం, అంటే లైనర్ మీద నిలువు గీతలు పడి ఉంటాయి. దానికి ఎన్ని కొత్త వాషర్లు వేసినా పట్టు దొరకదు.

ఇక స్ప్రేయర్ సంగతి. బత్తాయి తోటల్లో ఇంజినుకో, ట్రాక్టరుకో బెల్టు తగిలించి నడిపే మందు మిషన్‌లో మూడు ప్లంజర్లు, అంటే పిస్టన్‌లాగే ఆడే కడ్డీలు, ఉంటాయి. ఒక్క ప్లంజరైతే నీళ్లు ఆగి ఆగి వస్తాయి. మూడూ వంతులవారీగా నెడుతుంటే ధార తెగదు, మిగిలిన కుదుపును పైనున్న గాలి గిన్నె మింగుతుంది. మిషన్ నడుస్తుండగా డెలివరీ పైపు మీద చెయ్యి పెట్టి చూడండి. దెబ్బలు సమానంగా తగలాలి. మూడింట్లో ఒకటి తప్పుతుంటే, మీటరు ముల్లు గంతులేస్తుంటే, ఏదో ఒక వాల్వు కింద చెత్త ఇరుక్కుంది. విప్పితే ఎక్కువగా దొరికేది కరగని మందు పొడి గడ్డే. వడపోత జాలీ సరిగ్గా ఉంటే ఈ బాధ ఉండదు.

అన్నిటికంటే ముఖ్యమైన మాట ఇది. తిరిగే పంపుకు, అంటే సెంట్రిఫ్యూగల్‌కు, గేటు వాల్వు మూస్తే నీళ్లు లోపలే తిరుగుతాయి, ఒత్తిడి ఒక హద్దు దాటదు. ఈ పంపు అలా కాదు. ఎదురు ఎంతున్నా దెబ్బకు ఇంత అని నెట్టుకుంటూనే పోతుంది. దారి మూస్తే ఒత్తిడి పెరిగి పెరిగి పైపైనా పగలాలి, ఇంజినైనా ఆగాలి. అందుకే మందు చిమ్మే గన్ను మూసినప్పుడు మందు మళ్లీ డ్రమ్ములోకి పోయేలా రెగ్యులేటరు, బైపాస్ పైపు ఉంటాయి. గన్నుకు మందు తక్కువగా పోతోందని ఆ బైపాస్ పైపును మడిచి తాడుతో కట్టేసేవాళ్లు ఉన్నారు. ఒక తోటలో అలాగే చేస్తే కప్లింగు దగ్గర పైపు పగిలి, గన్ను పట్టుకున్న పిల్లవాడి ముఖం మీద పురుగుమందు పడింది. వెంటనే నీళ్లతో కడిగి ఆసుపత్రికి తీసుకుపోయారు, కళ్లు దక్కాయి. చదరపు సెంటీమీటరుకు 30 కిలోల ప్రెషర్‌తో ఆటలొద్దు. దయచేసి బైపాస్‌ను ఎవరూ మూయకండి.

ఇంకెక్కడ వాడతారంటే, నీళ్లు కొంచెమైనా ఒత్తిడి ఎక్కువ కావాల్సిన చోట, లేదా కొలిచినట్టు పోయాల్సిన చోట. బండ్లు కడిగే సర్వీసింగు సెంటర్లలో, కొత్త పైపులైనుకు లీకులు చూసే టెస్టు పంపులో, నీళ్లలో క్లోరిన్ కలిపే డోసింగు పంపులో, చమురు బావులు తవ్వేటప్పుడు బురద నెట్టడానికి ఇదే. ఫ్లోరైడ్ భయంతో మేం ఇళ్లల్లో పెట్టుకున్న ఆర్‌ఓ మిషన్లోని చిన్న బూస్టరు పంపు కూడా ఈ జాతిదే, పిస్టన్ బదులు రబ్బరు పొర ఆడుతుంది.

వరి పొలానికి మాత్రం ఇది పనికిరాదు. అక్కడ కావాల్సింది నీళ్ల పరిమాణం. కృష్ణ నీళ్లను ఎత్తిపోసే కల్వకుర్తి పథకంలో ఎల్లూరు, జొన్నలబొగడ, గుడిపల్లి గట్టు దగ్గరున్నవన్నీ తిరిగే పంపులే. అన్ని నీళ్లు పిస్టన్లతో నెట్టాలంటే సిలిండర్లు ఇళ్లంత పెద్దవి కట్టాల్సి వస్తుంది.