కలబంద పిలక పంపిస్తున్నా బిడ్డా, నీళ్లు మాత్రం తక్కువ పొయ్యి

బిడ్డా,

సర్వపిండి తీస్తుంటే చెయ్యి కాలిందని నువ్వు ఫోన్‌లో చెప్పినప్పటినుంచి నా మనసు మనసులో లేదు. కాలిన చోట పళ్ల పేస్టు పూసుకున్నానన్నావు, అది విని ఇంకా బాధపడ్డా. ఇంకోసారి అలా చెయ్యకు. పేస్టు వద్దు, సిరా వద్దు, ఐసుముక్క కూడా వద్దు. కాలిన వెంటనే నల్లా తిప్పి ఆ ధార కింద 20 నిమిషాలు చెయ్యి పెట్టు, గాజులూ ఉంగరమూ ముందే తీసెయ్యి, వాచాక అవి రావు. చర్మం చల్లబడ్డాకే కలబంద సంగతి. అది కూడా తోలు ఊడకుండా ఎర్రగా కందిన చోట మాత్రమే. బొబ్బ లేస్తే గిల్లకు, అరచేతికన్నా ఎక్కువ కాలినా, ముఖం మీద కాలినా మొక్క దగ్గరికి కాదు, దవాఖానకు పో.

ఆదివారం మీ తమ్ముడు కరీంనగర్ వస్తున్నాడు, వాడితో ఒక పిలక పంపిస్తున్నా. మన హన్మకొండ ఇంటి దర్వాజకు మీ తాత దిష్టికని తలకిందులుగా కట్టిన కలబంద గుర్తుందా? మట్టి లేదు, చుక్క నీరు లేదు, అయినా ఆరు నెలలు పచ్చగా ఉంది. అదే ఏడాది నేను కుండీలో పెట్టి ప్రేమ కొద్దీ రోజూ చెంబుడు నీళ్లు పోసిన మొక్క మొదలు కుళ్లి నెల తిరగకముందే పోయింది. ఆకులోనే నీళ్లు దాచుకునే మొక్క అది. ఎండలో ఆకు మీది సన్నని రంధ్రాలు మూసుకుని, రాత్రి చల్లబడ్డాక తెరుచుకుంటుంది, అందుకే దాని నీళ్లు తొందరగా పోవు. తాత కట్టిన దాన్ని తర్వాత దించి మట్టిలో నాటాను, ఇప్పుడు నీకొచ్చే పిలక దాని సంతానమే.

కుండీ మట్టిదైతే మంచిది, అడుగున రంధ్రం తప్పకుండా ఉండాలి, దాని మీద గూనపెంకు ముక్క బోర్లించు. సగం ఎర్రమట్టి, సగం దొడ్డు ఇసుక, బాగా మాగిన పెంట ఎరువు ఒక గుప్పెడు. నల్లరేగడి జోలికి పోకు, అది తడిని పట్టుకుని వదలదు. రెండు అంగుళాల లోతు వేలు పెట్టి చూస్తే పొడిగా తగిలినప్పుడే నీళ్లు పొయ్యి, పోస్తే నిండుగా పోసి కింద పళ్లెంలో నిలిచింది పారబోయ్. ఎండాకాలం వారం పది రోజులకు ఒకసారి, చలికాలం మూడు వారాలకు ఒకసారి చాలు, వానాకాలం మాత్రం సజ్జ కిందికి జరుపు. మే నెలలో మన దగ్గర 44 డిగ్రీలు కాస్తుంది కదా, ఆ ఎండలో ఉంచితే ఆకులు రాగి రంగుకు తిరుగుతాయి, పొద్దుటి ఎండ తగిలి మధ్యాహ్నం నీడ పడే చోటు చూడు. ఆకులు పలచబడి ముడుచుకుంటే దాహం, అడుగు ఆకులు మెత్తబడి వాసనొస్తే నీళ్లెక్కువ. తెల్లని పిండినల్లి పడితే సబ్బునీళ్లలో ముంచిన దూదితో తుడిస్తే పోతుంది.

ఆకు కోసేటప్పుడు బయటి పెద్దదాన్ని మొదలుకంటా కొయ్యి. కోసిన వైపు కిందికి ఉండేలా గ్లాసులో పావుగంట నిలబెడితే పసుపుపచ్చటి చేదు రసం కారిపోతుంది. దాన్ని పారబోసి, ముళ్ల అంచులు చెక్కేసి, కడిగి, లోపలి తెల్లని గుజ్జు మాత్రం తీసుకో. మొదటిసారి మోచేతి మడతలో కొంచెం రాసి ఒక రోజు చూడు, దురద రాకపోతేనే ముఖానికి రాయి. మెంతులతో రుబ్బి తలకు పెట్టినా బాగుంటుంది, మాడు చల్లబడి జుట్టు మెత్తబడుతుంది, కానీ జుట్టు ఒత్తుగా వస్తుందని మాత్రం ఆశ పెట్టుకోకు.

ఇక తాగే సంగతి. అందరూ పరగడుపున తాగమంటారు, నేనూ ఆ మాట విని ఆకును తోలుతో సహా మిక్సీలో వేసి తాగాను, రోజంతా విరేచనాలు, సాయంత్రానికి సెలైన్ ఎక్కించుకునేదాకా వచ్చింది. తోలు కింద ఉండే ఆ పసుపుపచ్చటి రసంలో అలోయిన్ అనే పదార్థం ఉంటుంది, పేగులను పిండేసేది అదే. ఆ రసాన్ని ఎండబెడితే వచ్చేదే ముసాంబరం, పాలు మాన్పించడానికి మన ముసలమ్మలు రొమ్ముకు పూసే చేదు. దుకాణాల్లో విరేచనం కావడానికి మందుగా అమ్మే కలబంద సరుకును అమెరికాలో 2002లోనే ఆపించేశారు. ఆయుర్వేదంలో కలబందతో చేసే కుమార్యాసవం అనే మందు ఉంది నిజమే, అది వైద్యుడు చూసి ఇస్తే తాగాలి గానీ మనకు మనం కాదు. నెల తప్పితే అసలే ముట్టకు. మీ అత్తమ్మ షుగర్ మాత్రలు వేసుకుంటుంది కదా, కలబంద రసం తాగితే షుగర్ మరీ పడిపోవచ్చు, ఆమెకు నా మాటగా చెప్పు.

పిలక చేరగానే నాటకు, రెండు రోజులు నీడలో పెట్టి వేరు దగ్గర గాయం ఆరనివ్వు. నాటాక ఇంకో వారం నీళ్లు పోయకు, వాడినట్టు కనిపించినా టెన్షన్ పడకు. ఏడాదిదాకా ఆకు కొయ్యొద్దు, ఈలోపు కావాలంటే మా కుండీలో ఆకులు చాలానే ఉన్నాయి, బస్సులో ఎవరు వస్తే వాళ్లతో పంపిస్తా. చెయ్యి ఎట్లుందో రేపు ఫొటో తీసి పెట్టు.

మీ పెద్దమ్మ